ఓక్ కాయలు, అడవి పండ్ల దగ్గర జింకల వేట: ఎర చల్లకుండా సరైన చోటు కనిపెట్టడం ఎలా?

ప్రశ్న: అరండల్‌పేట వాసి, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో చాలాకాలంగా స్థిరపడి, ఈమధ్యనే ఊరికి దూరంగా కొంత అడవి నేల కొనుక్కున్నాడు. అందులో పెద్ద పెద్ద ఓక్ చెట్లూ, ఎవరూ పట్టించుకోని ఒక పాత ఆపిల్ తోటా, మధ్యగా పారే చిన్న వాగూ ఉన్నాయట. అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని తెల్లతోక జింకలను వేటాడాలని అతని కోరిక. ఇంటికి మాంసం వస్తుందన్నదే అతని ఉద్దేశం. కొమ్ములు గోడకు తగిలించుకోవాలన్న సరదా అతనికి లేదు. వచ్చే సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి చలికాలం మొదలయ్యేదాకా ఉండబోతున్నాం కాబట్టి, నన్ను కూడా తనతోపాటు మంచె మీద కూర్చోబెడతానంటున్నాడు.

మాకొచ్చిన సందేహం ఇది. మా మేనల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ సొంత నేలలో డబ్బా బిగించి, అందులోంచి వేళకు మొక్కజొన్న గింజలు రాలేటట్టు పెట్టి, వాటికోసం వచ్చిన జింకను వేటాడటం చట్టం ఒప్పుకున్న పద్ధతేనని అతను చెబుతున్నాడు. మిస్సోరిలో మాత్రం గింజలు చల్లి వేటాడితే నేరమనీ, చెట్టు నుంచి తనంతట రాలిన కాయకోసం వచ్చిన జింకను వేటాడితే తప్పులేదనీ తమ్ముడికి అక్కడి పొరుగువారు చెప్పారట. ఈ తేడా ఎందుకు వచ్చింది? అడవి నిండా కాయలే రాలి ఉన్నప్పుడు జింకలు ఏ చెట్టు దగ్గరకు వస్తాయో ముందుగా ఎలా తెలుసుకోవాలి? జింకలు ఇష్టపడే చెట్లను మనమే పెంచితే అది కూడా ఎర కిందకే వస్తుందా?

దీనితోపాటు ఇంటి సంగతి ఒకటి అడగాలి. కొండవీడు కొండల దాపున మా పొలంలో మొక్కజొన్న వేస్తాం. రెండేళ్లుగా అడవి పందులు పంటను పాడుచేస్తున్నాయి. పండ్లు ఎరగా పెట్టి వాటిని పట్టేద్దామని ఊళ్లో కొందరు అంటుంటే, మా పెద్దాయన వద్దని ఆపారు. తెలిసినవారు ఈ రెండు విషయాలూ వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: మొగల్రాజపురం నివాసి, విజయవాడ

అరండల్‌పేట వాసి గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా మిస్సోరిలో చాలా ఏళ్లుండి, అక్కడి స్నేహితులతో కలిసి వేటకు వెళ్లినవాణ్ని. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. మీ పొరుగువారు చెప్పింది నిజం. మిస్సోరిలో జింకలకూ అడవి టర్కీ కోళ్లకూ ఎర పెట్టి వేటాడటం నిషేధం. చల్లిన గింజలను పూర్తిగా ఎత్తేసిన తరువాత కూడా 10 రోజులపాటు ఆ చోటును ఎర ఉన్న చోటుగానే చట్టం లెక్కగడుతుంది. చెట్టు నుంచి రాలినదానికీ, మామూలు సేద్యపద్ధతిలో పెంచిన పంటకూ ఈ నిషేధం వర్తించదు. తమ్ముడుగారి ఆపిల్ తోటలో చెట్టు కింద రాలిన పండు రాలినచోటే ఉంటే అది సహజమైన మేత. అదే పండును బుట్టలో ఏరి తెచ్చి మంచె ముందు పోస్తే ఎర అవుతుంది.

రాష్ట్రానికొక తీరు ఎందుకని అడిగారు. అమెరికాలో జింకల వేట నియమాలను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చేసుకుంటుంది. ఎర వద్దనే రాష్ట్రాలు చెప్పే కారణాల్లో గట్టిది ఒక జబ్బు. దాన్ని అక్కడ సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అని పిలుస్తారు; జింక మెదడును తినేసి, శరీరాన్ని క్షీణింపజేసి చంపే తెగులు అది. 1967లో కొలరాడోలో బోనులో పెంచుతున్న జింకల్లో మొదట కనబడింది. మిస్సోరిలో అడవి జింకల్లో 2012లో బయటపడింది. దీనికి కారణం ప్రియాన్ అనే వికృత ప్రోటీను. అది జింక చొంగలో, మూత్రంలో, పెంటికల్లో బయటకు వచ్చి మట్టిలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. అడవిలో చెదిరి మేసే జింకలను ఒకే గింజల కుప్ప చుట్టూ మూతులు ఆనించి తినేలా చేస్తే జబ్బు ఎంత సులువుగా పాకుతుందో మీరే ఊహించవచ్చు. అందుకే జబ్బు కనబడిన కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) ఒక దశలో వేటతో సంబంధం లేకుండా ఊరికే మేత వేయడాన్ని కూడా నిషేధించారు.

రెండో కారణం గురించి జనం అంతగా మాట్లాడుకోరు గానీ, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. జింక నెమరువేసే జంతువు. దాని కడుపులోని సూక్ష్మజీవులు అది ఆ రుతువులో తినే మేతకు అలవాటుపడి ఉంటాయి. చలికాలంలో పుల్లలూ మొగ్గలూ నమిలి బతుకుతున్న జింకకు ఒక్కసారిగా మొక్కజొన్న కడుపునిండా దొరికితే లోపల ఆమ్లం పెరిగిపోయి, పొట్ట నిండి ఉండగానే చచ్చిపోవచ్చు. ఆకలితో ఉందని జాలిపడి గింజలు పోసినవారి చేతుల మీదుగానే ఇలా జరగడం అక్కడ తెలిసిన విషయమే. అడవి ఇచ్చే మేత అలా కాదు. నెమ్మదిగా మారుతుంది, ఆ మార్పుతోపాటే జింక కడుపూ మారుతుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. జింకను మన దగ్గరకు రప్పించుకోవాలన్న ఆలోచన పక్కనపెట్టి, ఈ వారం అది ఎక్కడ తింటోందో కనిపెట్టాలన్న ఆలోచనతో అడవిలోకి వెళ్లాలి. మేత వారం వారం మారుతుంది కాబట్టి, పోయిన నెల మంచిదైన చెట్టు ఈ నెలకు పనికిరాకపోవచ్చు.

ఓక్ చెట్లలో మీరు ముందుగా గుర్తుపట్టవలసినవి రెండు జాతుల గుంపులు. వైట్ ఓక్ ఆకు అంచు గుండ్రటి మడతలుగా ఉంటుంది. రెడ్ ఓక్ ఆకు మడతలు సూదిగా ఉండి, కొసన వెంట్రుకలాంటి ముల్లు ఉంటుంది. వైట్ ఓక్ కాయ పూసిన ఏడే పండి రాలుతుంది, రెడ్ ఓక్ కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది. వైట్ ఓక్ కాయలో వగరు తక్కువ. రెండూ రాలి ఉన్నచోట జింకలు వైట్ ఓక్ కాయలనే ముందు తింటాయి. ఈ కాయలు రాలిన కొద్దిరోజులకే, ఆ శరత్తులోనే మొలకెత్తడం మొదలుపెడతాయి కాబట్టి ఎక్కువకాలం నిలవవు. ఉడతలూ టర్కీ కోళ్లూ కూడా పోటీకి వస్తాయి. రెడ్ ఓక్ కాయలు మాత్రం వసంతం దాకా మొలవకుండా ఆకుల కింద పడి ఉంటాయి. కాబట్టి సెప్టెంబరు చివర నుంచి అక్టోబరులో వైట్ ఓక్ దగ్గర కూర్చునే వేటగాడు, డిసెంబరు నాటికి రెడ్ ఓక్ దగ్గరకు మారవలసి ఉంటుంది.

మన మామిడికి కాపు ఏడూ ఒట్టి ఏడూ ఉన్నట్టే ఓక్ చెట్లకూ ఉంటుంది, అయితే దానికి ఒక క్రమం ఉండదు. వసంతంలో పూత సమయాన మంచు దెబ్బ తగిలితే వైట్ ఓక్ ఆ ఏడు కాయదు. అదే దెబ్బ ఫలితం రెడ్ ఓక్‌లో మరుసటి ఏడు కనబడుతుంది. రెండు జాతులూ ఉన్న అడవి నేల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒకే జాతిలో కూడా కొన్ని చెట్లు దాదాపు ఏటా బాగా కాస్తాయి, పక్కనే ఉన్న మరికొన్ని ఎప్పుడూ అంతగా కాయవు. ఆగస్టులో దుర్భిణి పట్టుకుని కొమ్మల చివర్లు చూస్తే ఏ చెట్టు నిండుగా కాసిందో తెలిసిపోతుంది. తమ్ముడుగారిని ఈ పని మీరు వెళ్లకముందే చేసి, ఆ చెట్లను కాగితం మీద గుర్తు పెట్టుకోమనండి.

కాయలు రాలడం మొదలైన తరువాత కళ్లు నేల మీదికి దించాలి. జింక నమిలి పడేసిన పెంకు ముక్కలూ, కాయ నుంచి విడిపోయిన టోపీల్లాంటి తొడిమలూ, చెదిరిన ఆకులూ, తడి ఆరని పెంటికలూ ఒకే చెట్టు కింద కనబడితే అది ఇప్పుడు మేస్తున్న చోటు. కాయలు నేలంతా పరచుకుని ఉండి ఎవరూ ముట్టుకోకపోతే, నాలుగు కాయలు నీళ్లలో వేసి చూడండి. చాలావరకు తేలితే లోపల ముక్కుపురుగు తినేసినవని అర్థం, ఆ చెట్టును వదిలేయవచ్చు. చుట్టుపక్కల పొదల కొనలు కూడా చూడండి. జింకకు పై దవడలో ముందుపళ్లు ఉండవు కాబట్టి అది కొరికిన కొమ్మ చివర చీరుకుపోయినట్టు ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది.

ఓక్ ఒక్కటే చూస్తే సరిపోదు. మిస్సోరి అడవి అంచుల్లో పెర్సిమన్ అనే చెట్టు ఉంటుంది. మన బీడీ ఆకు తునికి చెట్టుకు అది దగ్గరి బంధువు, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. ఆడ చెట్టూ మగ చెట్టూ వేరువేరుగా ఉంటాయి, ఆడ చెట్టే కాస్తుంది. బాగా మిగలపండి రాలిన పండుకోసం జింకలు దారి మళ్లి మరీ వస్తాయి. అలాంటి ఆడ చెట్టు ఒకటి తమ్ముడుగారి నేలలో ఉంటే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కొట్టనివ్వకండి. హనీ లోకస్ట్ చెట్టు తీపి కాయలూ, అడవి బ్లాక్‌బెర్రీ పొదల చిగుళ్లూ, చలికాలం దాకా పచ్చగా ఉండే హనీసకిల్ తీగ ఆకులూ కూడా చెప్పుకోదగినవే. ఒట్టి గడ్డి మీద జింక ఎక్కువగా ఆధారపడదు. అది ఏరుకుని, చిగుళ్లనూ మెత్తటి ఆకులనూ కాయలనూ తింటుంది.

చెట్లు పెంచడం గురించి అడిగారు. అది ఎర కిందకు రాదు. అయితే ఈరోజు నాటిన వైట్ ఓక్ కాపుకు రావడానికి సుమారు 20 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఉన్న చెట్లను బాగుచేసుకోవడమే తెలివైన పని. బాగా కాసే చెట్టు తలకు అడ్డుపడుతున్న పనికిరాని చెట్లను తీసేస్తే దానికి ఎండ తగిలి కాపు పెరుగుతుంది. నేల మీద పడిన ఎండకు పొదలూ చిగుళ్లూ లేచి జింకలకు మేతా చాటూ రెండూ దొరుకుతాయి. చిన్న ఖాళీ జాగాలో క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క వేసుకోవడం కూడా అక్కడ మామూలే, దానికి చట్టం అడ్డురాదు.

అరండల్‌పేట వాసి, గుంటూరు

ఇంత ఓపికగా రాసినందుకు మీకు కృతజ్ఞతలు. తునికికి బంధువైన చెట్టు అక్కడ ఉందని తెలిసి సంతోషం కలిగింది. చిన్నప్పుడు వినుకొండ వైపు వెళ్లినప్పుడు తునికి పండ్లు తిన్న మనిషిని నేను. మీ జవాబు మొత్తం తమ్ముడికి ఫోనులో చదివి వినిపించాను. అతను మరో రెండు ప్రశ్నలు అడగమన్నాడు. మేసే చెట్టు దొరికాక మంచె సరిగ్గా ఆ చెట్టు మీదే కట్టాలా, దూరంగా కట్టాలా? పర్యాటక వీసా మీద వచ్చిన నేను అతని పక్కన కూర్చోవడానికి ఏమైనా అభ్యంతరం ఉంటుందా?

జవాబు: అటవీశాఖ విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

మొదటి జవాబు రాసినవారు అమెరికా సంగతి సమగ్రంగా చెప్పారు. నేను రెండో ప్రశ్నకు, అంటే మన నేల సంగతికి పరిమితమవుతాను. ఎందుకంటే ఈ చర్చ చదివిన మన కుర్రవాళ్లు ఎవరైనా ఇదే పద్ధతిని మాచర్ల అడవుల్లోనో కొండపల్లి రిజర్వు అడవిలోనో ప్రయోగించాలనుకుంటే, వారి జీవితం చెడిపోతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధిస్తుంది. అందులో వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలామంది చదివి ఉండరు. చంపడం ఒక్కటే వేట అనుకుంటారు. ఉచ్చు పన్నడం, బోనులో పట్టడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా ఆ చట్టంలో వేటే. కాబట్టి అడవి పంది తింటుందని విషం కలిపిన పండునో, మందుగుండు కూరిన పండునో గట్టు మీద పెట్టిన క్షణంలోనే నేరం జరిగినట్టు. పంది చిక్కిందా లేదా అన్నది తరువాతి సంగతి. 2022లో చేసిన సవరణతో అడవి పంది, ఆ చట్టం రక్షణ ఇచ్చే జంతువుల జాబితాల్లో ఒకటైన రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదం కలిగించే జంతువు విషయంలో అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు 11వ సెక్షనులో ఉంది గానీ, ఆ అనుమతి లేకుండా ఎవరికి వారు చేసుకోవడానికి వీల్లేదు. మీ పెద్దాయన వద్దన్నది నూటికి నూరుపాళ్లు సరైన మాట.

తిండిలో మందుగుండు దాచే పద్ధతి ఎంత ఘోరమో చెప్పడానికి 2020లో కేరళలో జరిగిన సంఘటన చాలు. పేలుడు పదార్థం నింపిన పండు కొరికి నోరు ఛిద్రమైన గర్భిణి ఏనుగు నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. అలాంటి ఎర పెట్టినవాడు పందికోసమే పెట్టానని చెప్పుకున్నా, దాన్ని ఏ జంతువు తింటుందో, ఏ పశువుల కాపరి పిల్లవాడు ముట్టుకుంటాడో అతని చేతిలో లేదు.

అడవి మేతను చదివే విద్య మాత్రం మనకు కొత్తది కాదు. చెట్ల కాపును బట్టి జంతువుల రాకను చెప్పగలగడం చెంచులకు తరతరాలుగా వచ్చిన తెలివి. 1972కు ముందు లైసెన్సు ఉన్న షికారీలు కూడా ఇదే తెలివి మీద ఆధారపడేవారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పువ్వు తెల్లవారుజామున రాలుతుంది; ఆ తీపికి ఎలుగుబంటీ కణితీ దుప్పీ చీకటి ఉండగానే వస్తాయి. బూరుగు పువ్వు రాలినప్పుడు దుప్పులు చెట్టు కింద చేరతాయి. పైన కొండముచ్చులు తింటూ సగం కొరికి పడేసే ఆకులూ కాయలకోసం కింద దుప్పుల మంద తిరగడం అడవిలో మీరు ఎప్పుడైనా చూడగల దృశ్యం. కొండముచ్చు ప్రమాదం చూసి అరిస్తే దుప్పులు తలెత్తుతాయి, దుప్పి వాసన పట్టి అరిస్తే కొండముచ్చులు పైకి ఎగబాకుతాయి. ఉసిరి కాయ సంగతి మరీ ముచ్చటైనది. దుప్పి దాన్ని మింగి, తరువాత ఎక్కడో నీడన కూర్చుని నెమరువేసేటప్పుడు గట్టి విత్తును ఉమ్మేస్తుంది. అడవిలో ఉసిరి మొలకలు చెట్టుకు దూరంగా లేవడానికి అదొక దారి. అందుకే అడవిలోని ఉసిరి కాయలన్నీ ఊరగాయకని దులుపుకుపోతే దుప్పికీ ఉసిరి చెట్టుకూ ఇద్దరికీ అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఈ విద్యను ఇవాళ మనం చూడటానికీ, ఫొటో తీయడానికీ, జంతువుల లెక్కలు తీసేవారికి సాయపడటానికీ వాడుకోవచ్చు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో అనుమతి ఉన్న దారుల్లో వెళ్లేవారు ఏ నెలలో ఏ చెట్టు పూస్తుందో, ఏది కాస్తుందో ముందు తెలుసుకుని వెళితే ఒట్టిచేతులతో తిరిగిరారు.

జవాబు: ఫిరంగిపురం రైతు

అరండల్‌పేట వాసి గారూ, మీ పొలం మా పొలానికి ఎంతో దూరం ఉండకపోవచ్చు, కాబట్టి మేము చేస్తున్నది చెబుతాను. పందిని రప్పించేది మన మొక్కజొన్నే. కండె పాలుపోసుకునే దశ నుంచి గింజ గట్టిపడే వరకు దాని వాసన పందికి ఎంతో దూరం తెలుస్తుంది. ఆ రోజుల్లోనే కాపలా గట్టిగా ఉండాలి, మిగిలిన రోజుల్లో రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకున్నా ఫలితం ఉండదు. కోత అయ్యాక పొలంలో మిగిలిన కండెలను ఏరివేయకుండా వదిలేస్తే అవే పందులకు అలవాటు నేర్పుతాయి. పై పంట వేసేసరికి అవి దారి మరిచిపోవు. ఈ ఒక్క పనిని ఊరంతా కలిసి చేస్తే సగం బాధ తగ్గుతుందని నా నమ్మకం.

చేను చుట్టూ ఆముదం నాలుగు వరసలు దట్టంగా వేస్తున్నాం. పంది ఆముదాన్ని తినదు, దాని వాసనలో మొక్కజొన్న వాసన కొంత మరుగున పడుతుంది. వేరుశనగ వేసేవారు ముళ్ల కుసుమ వేస్తారు. సోలార్ కంచెలో కరెంటు ఆగి ఆగి కొట్టి జంతువును బెదరగొడుతుందే గానీ చంపదు. స్తంభం నుంచి నేరుగా తీగ లాగే పని మాత్రం కలలో కూడా చేయకండి. చీకట్లో నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులు ఆ తీగలకు తగిలి చనిపోయిన సంఘటనలు మన రాష్ట్రంలో పత్రికల్లో తరచూ చూస్తూనే ఉన్నాం. పంట పోయిన మరునాడే ఫొటోలు తీసి, అటవీశాఖకూ వ్యవసాయశాఖకూ రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి. నోటిమాటగా చెప్పిన నష్టానికి పరిహారం రాదు.

జవాబు: మొగల్రాజపురం నివాసి, విజయవాడ

తమ్ముడుగారి ప్రశ్నలకు ఆలస్యంగా జవాబిస్తున్నందుకు మన్నించండి.

మంచె మేసే చెట్టు మీద కట్టవద్దు. జింకలు సంధ్యవేళల్లో ఎక్కువగా తిరిగి, పగలు దట్టమైన పొదల్లో పడుకుంటాయి. తెల్లవారుజామున మీరు చీకట్లో నడిచి వెళ్లేసరికి అవి అప్పటికే ఓక్ చెట్టు కింద మేస్తూ ఉంటాయి; మీ అడుగుల చప్పుడుకు తెల్లతోకలు పైకెత్తి పారిపోతాయి, ఆ రోజు వేట అక్కడితో ముగుస్తుంది. అందుకని ఉదయం పూట మేసే చోటుకూ పడుకునే చోటుకూ మధ్య ఉన్న దారి పక్కన, పడక వైపుకు కొంచెం దగ్గరగా కూర్చోవాలి. సాయంత్రం మాత్రం మేత వైపుకు దగ్గరగా కూర్చోవచ్చు, ఎందుకంటే అప్పుడు అవి ఇంకా చెట్టు దగ్గరకు వచ్చి ఉండవు. చీకటి పడ్డాక వాటిని బెదరగొట్టకుండా దిగి వెళ్లే దారి కూడా ముందే ఆలోచించుకుని మంచె కట్టాలి. ఈ చివరి సంగతిని చాలామంది మరిచిపోతారు, అందుకే మంచి చెట్లు కూడా కొద్దిరోజులకే ఎందుకూ పనికిరాకుండా పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి. మనిషి కదలకుండా కూర్చుంటే జింక కన్ను మోసపోవచ్చు గానీ, దాని ముక్కు మోసపోదు. గాలి జింక వచ్చే వైపు నుంచి మీ మీదికి వీచాలి. వాగు ఉన్న నేల కాబట్టి ఇంకొకటి గమనించాలి: ఎండ తగలకముందు చల్లగాలి ఏటవాలు నేల మీదుగా పల్లానికి దిగుతుంది, ఎండ ఎక్కాక వేడెక్కి మిట్టకు లేస్తుంది, సాయంత్రం మళ్లీ దిగుతుంది. ఉదయం సరైనదైన మంచె సాయంత్రానికి పనికిరాకపోవడానికి ఇదే కారణం. గాలి ఎటు ఉంటే అటుకు పనికివచ్చేలా ఒకే మేత చెట్టుకు రెండు వైపులా రెండు చోట్లు చూసిపెట్టుకోమనండి. గాలి అనుకూలంగా లేని రోజున, ఎంత మంచి చెట్టైనా సరే, దాని జోలికి వెళ్లకుండా ఉండటమే మేలు.

నవంబరు నడుమ మగ జింకలు జతకు వచ్చే కాలం. అప్పుడు పోతు జింక తిండి మీద ధ్యాస తగ్గించి ఆడ జింకల వెంట తిరుగుతుంది. అయినా ఆడ జింకలు మేతకు రాక తప్పదు కాబట్టి, మేత చెట్టు గురించి మీరు సంపాదించిన వివరం ఆ రోజుల్లో కూడా ఉపయోగపడుతుంది. మాంసమే కావాలనుకునే తమ్ముడుగారికి ఆడ జింక అనుమతి దొరికితే అదే మంచిది. ఏ కౌంటీలో ఎన్నింటికి అనుమతి ఉందో మిస్సోరి సంరక్షణ శాఖ ఏటా వేసే చిన్న పుస్తకంలో చూసుకోవాలి. నియమాలు ఏటా మారుతుంటాయి, పోయిన ఏటి పుస్తకాన్ని నమ్ముకోవద్దు.

మీ సంగతి. పక్కన కూర్చుని చూడటానికి వీసా అడ్డురాదు. తుపాకి చేతిలోకి తీసుకోవడం మాత్రం వేరే విషయం. పర్యాటక వీసా వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. తుపాకి సీజనులో వేటాడటానికి 1967 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు మిస్సోరిలో వేటగాళ్ల శిక్షణ పూర్తిచేసి ఉండాలి. మీకు వేటాడే ఉద్దేశం లేదు కాబట్టి, అతని తుపాకిని ఫొటోకోసమైనా చేతిలోకి తీసుకోకండి. తుపాకి సీజనులో అడవిలోకి వెళుతున్నారు గనుక మీరు కూడా అతనిలాగే మెరిసే నారింజ రంగు టోపీ, కోటు వేసుకోండి. జింక కన్ను ఎరుపునూ నారింజనూ మనలా గుర్తుపట్టలేదు కాబట్టి దానివల్ల వేటకు నష్టం లేదు, మరో వేటగాడి గుండు నుంచి మీకు రక్షణ ఉంటుంది. మంచె ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి దిగేదాకా, నడుముకు మాత్రమే కాకుండా ఒళ్లంతా పట్టి ఉంచే రక్షణ పట్టీ (ఫుల్ బాడీ హార్నెస్) కట్టుకునే ఉండాలి. మన వయసువాళ్లకు అక్కడి అడవిలో జింకకంటే మంచె నిచ్చెనే ఎక్కువ ప్రమాదకరం, ఈ మాట తమ్ముడుగారికి నా మాటగా గట్టిగా చెప్పండి.

చివరగా మాంసం. వేటాడిన జింకకు సీడబ్ల్యూడీ పరీక్ష చేయించాలి. దానికి ఏర్పాట్లను మిస్సోరి సంరక్షణ శాఖే చేస్తుంది. ఆ జబ్బు మనిషికి సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, అయినా జబ్బు తేలిన జింక మాంసం తినవద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కాబట్టి ఫలితం వచ్చేదాకా మాంసాన్ని విడిగా, పేరు రాసిన సంచుల్లో ఫ్రీజరులో ఉంచమనండి. మెదడు, వెన్నుపాము జోలికి పోకుండా, చేతులకు తొడుగులు వేసుకుని కోయాలి. ఆపిల్ తోట వైపు నుంచి మొదలుపెడతారో, ఓక్ చెట్ల వైపు నుంచి మొదలుపెడతారో ఆగస్టులో కాపు చూశాక ఇక్కడ రాయండి. నేల పటం కూడా జతచేస్తే మంచె ఎక్కడ వేయాలో గాలిని బట్టి ఆలోచించి చెబుతాను.